అతుకుల బొంత చదువు

మన సంఘ సభ్యుల పిల్లలు కొందరు ఈ ఏడు కాలేజీలో చేరుతున్నారు. జీవశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం కలిపి తమ చదువును తామే కూర్చుకుంటామని వారంటే, తల్లిదండ్రులు కంగారుపడి మమ్మల్ని అడుగుతున్నారు. వైద్యులం గనుక మాకు తెలుస్తుందని వారి నమ్మకం. మాకు తోచింది రాస్తున్నాం.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రోడ్ ఐలండ్‌లోని బ్రౌన్ విశ్వవిద్యాలయం 1969లోనే అందరూ చదివి తీరవలసిన విషయాల జాబితాను తీసివేసింది. ఉన్న శాఖలేవీ సరిపోవనుకున్న విద్యార్థి అక్కడ తన ప్రధాన విషయాన్ని తానే రూపొందించుకోవచ్చు. అయితే దానికి పేరు పెట్టాలి, తరగతుల పట్టిక ఇవ్వాలి, ఒక ఆచార్యుణ్ణి ఒప్పించాలి, ఉన్న శాఖల్లో అది ఎందుకు కుదరదో రాసి చూపాలి. ఈ చివరి నిబంధనే మాకు అన్నిటికన్నా నచ్చింది.

నచ్చనిదీ ఉంది. ఈ శాఖ నుంచి మూడు తరగతులు, ఆ శాఖ నుంచి నాలుగు ఏరి తెచ్చినంత మాత్రాన అది ఒక చదువు కాదు, అతుకుల బొంత. ఏ ఆచార్యుడి పాఠం ఆయనది. పక్క గదిలో ఏం చెప్పారో ఆయనకు పట్టదు. కలిపి కుట్టే పనంతా పద్దెనిమిదేళ్ళ పిల్లల మీద పడుతుంది. కుట్టడానికి దారం కావాలి. మా దృష్టిలో ఆ దారం ఒక ప్రశ్న.

మా సంగతే చెబుతాం. ఇంటర్‌లో బైపీసీ, ఆపైన ఎంబీబీఎస్. పదో తరగతి తరువాత లెక్కలూ చరిత్రా ముట్టలేదు. ఇక్కడికి వచ్చాక, ఒక పెద్దాయనకు షుగరు తగ్గడం లేదని ఇన్సులిన్ మోతాదు పెంచుతూ పోయాం. డబ్బు చాలక ఆయన సగమే వేసుకుంటున్నాడని నర్సు చెప్పేదాకా మాకు తట్టలేదు. అడగాలని మాకెవరూ నేర్పలేదు. కనిపెట్టినవారు 1923లో తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి హక్కులిచ్చేసిన మందు, ఆ పెద్దాయనకు అందనంత ప్రియం ఎలా అయింది? దీనికి జవాబు చెప్పాలంటే వైద్యం, చట్టం, అర్థశాస్త్రం, చరిత్ర అన్నీ కావాలి. ఇలాంటి ప్రశ్న ఉంటే శాఖలు వాటంతటవే కలుస్తాయి.

మరి మెడికల్ సీటో అంటారా? న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల 1987 నుంచి సాహిత్యం, చరిత్ర వంటివి చదివినవారిని ఎమ్‌క్యాట్ పరీక్ష లేకుండానే చేర్చుకుంది. వారు తోటివారికి తీసిపోలేదని 2010లో వెలువడిన పరిశీలన తేల్చింది.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. "ఉద్యోగం వస్తుందా?" అని అడిగే ముందు "నీ ప్రశ్న ఏమిటి?" అని అడగండి. బిడ్డ ఒక్క వాక్యంలో చెప్పగలిగితే దీవించి పంపండి. చెప్పలేకపోతే కోప్పడకండి, ముందు ఒక్క శాఖను లోతుగా చదవమనండి. ప్రశ్న అక్కడే పుట్టవచ్చు.