వేరుకూ ఊపిరి కావాలి

మట్టి లేకుండా టమాట పెంచుతున్నానని తెలిసి మా పెద్దకొడప్‌గల్‌లో డాబా ఎక్కి వచ్చే రైతులు ముందుగా అడిగే మాట ఒక్కటే: "నీళ్లలోనా సార్?" నీళ్లలో కాదు, గాలిలో. మూత బిగించిన నల్ల డ్రమ్ములో వేళ్లు వేలాడుతుంటాయి. పోషకాలు కలిపిన నీటిని మోటరు కొన్ని సెకన్ల పాటు పొగమంచులా చిమ్మి ఆగుతుంది, టైమరు ప్రకారం మళ్లీ చిమ్ముతుంది. ఇదే ఏరోపోనిక్స్. 1957లో ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త ఎఫ్.డబ్ల్యూ. వెంట్ ఇలా పెంచిన పంటల్లో టమాట కూడా ఉంది.

మూత ఎత్తి చూస్తే వేరు పొడవునా తెల్లటి సన్నని నూగు కనిపిస్తుంది. నీటినీ పోషకాలనూ పీల్చుకునేది ఆ నూగే. తడితో పాటు గాలి కూడా అందుతుంది కనుకే అది అంత దట్టంగా వస్తుంది.

దీనికి కాపలా ఎక్కువ. మట్టి తేమను దాచిపెడుతుంది, డ్రమ్ములో దాపు లేదు. ఎండాకాలం కరెంటు పోతే చెట్టు ఎంతోసేపు ఓర్చుకోదు, ఇన్వర్టర్ ఉండాల్సిందే. బోరు నీళ్ల ఉప్పు నాజిల్‌ను పూడ్చేస్తుంది. కాల్షియం నైట్రేట్‌ను, సల్ఫేట్ ఎరువులను చిక్కగా ఉన్నప్పుడే కలిపితే జిప్సం పేరుకుంటుంది. అందుకే వాటిని వేర్వేరు డబ్బాల్లో ఉంచి, నీళ్లలో పలచన చేశాకే కలుపుతాను. ద్రావణం పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండేలా చూసుకుంటాను.

ఇంత శ్రమా నాకు చేను అర్థమయ్యేందుకు పనికొచ్చింది. మన నల్లరేగడి వానకు ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంది. 2025 ఆగస్టు చివర్లో మా జిల్లాను ముంచెత్తినటువంటి వానల్లో నీరు నిలిచిన చేలో వేరుకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు చుట్టూ నీళ్లున్నా తాగలేదు, పైన ఆకులు వాడిపోతాయి. అది చూసి ఎండిందనుకుని మళ్లీ తడి పెడితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది.

అందుకే డాబా ఎక్కి వచ్చిన ప్రతి రైతుకూ చెబుతున్నాను. ఈ డ్రమ్ము కొనమని కాదు, ఎకరాల పంటకు అది కుదరదు. నారు నాటే ముందే ఎత్తుగా బోదెలు తోలండి. పశువుల ఎరువు బాగా వేసి మట్టిని గుల్ల చేయండి. వాన నీరు గట్టు దాటి పోయేలా కాలువ తీయండి. చెట్టు వాడితే మోటరు వేసే ముందు వేరు దగ్గర ఒక పిడికెడు మట్టి తీసి పిసికి చూడండి. నీళ్లు కారితే చేనుకు కావాల్సింది తడి కాదు, గాలి.