హీలియంను లోపలికి రానివ్వని గడియారం

1968లో జపాన్‌లోని కురె నుంచి ఒక డైవర్ సీకో కంపెనీకి ఉత్తరం రాశాడు. మూడు వందల మీటర్ల లోతు పనికి మీ గడియారాలు తట్టుకోవడం లేదని దాని సారాంశం. జవాబుగా 1975లో, ఏడేళ్లకు, 600 మీటర్లు తట్టుకునే టైటానియం గడియారం వచ్చింది. ఒక్క పనివాడి మాటకు ఇంత విలువిచ్చిన కంపెనీ అంటే నాకు గౌరవం.

ఆ లోతున నీటికన్నా హీలియంతోనే పెద్ద చిక్కు. పీడనపు గదుల్లో రోజుల తరబడి ఉండే డైవర్లు హీలియం కలిపిన గాలి పీలుస్తారు. హీలియం పరమాణువులు గడియారపు రబ్బరు వాషర్ల సందుల్లోంచి కూడా దూరిపోతాయి. పైకి వచ్చేటప్పుడు బయట పీడనం తగ్గుతుంది, లోపల చిక్కుకున్న వాయువు అద్దాన్ని ఊడగొడుతుంది. రోలెక్స్ సీ-డ్వెల్లర్‌లో ఆ వాయువును బయటికి వదిలే చిన్న వాల్వ్ పెట్టారు. మంచి ఉపాయమే. కానీ సీకో ఇంజనీరు ఇకువో టొకునాగా ఆ వాయువును అసలు లోపలికే రానివ్వకూడదనుకున్నాడు. వెనక మూత లేని ఒంటిముక్క కేసు, ఎల్ ఆకారపు వాషరు, చుట్టూ డబ్బాలాంటి కవచం. అభిమానులు ఆ గడియారాన్ని ముద్దుగా టూనా డబ్బా అంటారు.

పట్టీ చూడండి! లోతుకు దిగేకొద్దీ డైవర్ తొడుగు నలిగి మణికట్టు సన్నబడుతుంది. పట్టీలోని ముడతలు ముడుచుకుని ఆ వదులును సర్దేస్తాయి.

పాతది కొనేవారికి ఒక్కటే మనవి: కవచం మీది గీతల్ని పాలిష్ పట్టించకండి. అవి నీళ్లలో చేసిన పనికి గుర్తులు. వాషర్లు మార్పించకుండా, పీడన పరీక్ష చేయించకుండా నీళ్లలోకి మాత్రం దింపకండి.