లెవెల్ పైపు

విజయవాడ సింగ్‌నగర్‌లో ఆ ఇంటి గోడ మీద మరక నా భుజాల ఎత్తున ఉంది. 2024లో బుడమేరు వాగుకు మూడుచోట్ల గండ్లు పడి వరదొచ్చినప్పటి గీత. మేస్త్రి లెవెల్ పైపు ఒక కొస ఆ గీతకు ఆనించి పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకుని నేను దొడ్లోకి నడిచాను. పైపులో నీళ్లు కాసేపు ఊగి నిలబడ్డాయి. సెప్టిక్ ట్యాంకు మూత ఆ మట్టానికి నాలుగడుగులు కిందే ఉంది.

“బేస్‌మట్టం లేపేద్దాం మేడమ్,” అన్నాడు మేస్త్రి.

ఇంటావిడ మాత్రం, “ఇల్లు లేపితే సరేనండీ, ఆ ట్యాంకు సంగతేంటి? వీధిలో నీళ్లు గుమ్మం ఎక్కకముందే మాకు లెట్రిన్‌లోంచి ఎగదన్నాయి,” అంది.

ముప్పై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. సెప్టిక్ ట్యాంకంటే నాకు అన్నీ గీశాక మూలన మిగిలిన చోట పెట్టే డబ్బా. డెల్టా నల్లమట్టిలో వానాకాలం నేలలోని నీళ్లే పైకొచ్చేస్తాయి, ఇక ఇంకుడుగుంత దేన్ని ఇంకించుకుంటుంది? ఆ మురుగు పక్కనున్న సంపులోకి దారి వెతుక్కుంటుంది. ఆ తర్వాత వచ్చే విరేచనాలు, కామెర్లు డాక్టరు పద్దులో పడతాయి. నా డ్రాయింగు మీదికి ఎవరూ రారు.

ఇలాంటప్పుడు ఇంజినీరు కె.ఎల్.రావు గారు గుర్తొస్తారు. పూర్తి పేరు కానూరి లక్ష్మణరావు. 1902లో కంకిపాడులో పుట్టారు. బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు, రంగూన్‌లో పాఠాలు, కాంక్రీటు మీద ఒక పుస్తకం. అంత కాంక్రీటు తెలిసిన మనిషి డిజైన్‌లో చెయ్యివేసిన నాగార్జునసాగర్ మాత్రం రాతికట్టు! చేతిలో ఉన్న రాయీ పనివాళ్లూ లెక్కలోకి వచ్చిన డిజైన్ అది. 1962లో విజయవాడ ఎంపీ అయ్యారు, మరుసటేడు కేంద్రంలో మంత్రి. గంగను కావేరితో కలపాలన్న ఆయన ఆలోచన నాకెప్పుడూ మింగుడుపడలేదు, అన్ని నీళ్లు అంత ఎత్తుకు తోడే కరెంటు ఎవరిస్తారు? కానీ డ్యాములు కట్టిన ఆ మనిషి పేరే మా ఊరి కుళాయి నీళ్లు బయల్దేరే హెడ్ వాటర్ వర్క్స్‌కు కూడా ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

శనివారాలు ఆర్కిటెక్చర్ పిల్లలకు పాఠం చెబుతాను. ఈసారి ఇంటి ప్లాను గీయమనలేదు. మీ స్నానాల గదిలో నీళ్లు చివరికి ఎక్కడ పడతాయో నడిచి చూసి గీసుకురండి అన్నాను. సగం మంది వీధి చివరి కాలువ దగ్గరే ఆగిపోయారు. ఒకబ్బాయి డ్రాయింగులో రోడ్డు పక్క డ్రెయిను వాళ్ల ఇంటి గచ్చు కంటే జానెడు ఎత్తున ఉంది. కైకలూరు వైపు అమ్మాయి ఏమీ గీయలేదు. “బుడమేరు కొల్లేట్లోనే కదా కలిసేది. మీ అందరి బొమ్మలూ మా ఊరి దగ్గరే ఆగుతాయి మేడమ్,” అంది.

సింగ్‌నగర్ ఇంటికి కొత్త ప్లాను పట్టుకెళ్లాను. ట్యాంకు మూత మరక కంటే ఎత్తున, గొట్టానికి నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వు, దాంతోపాటు లెట్రిన్ కూడా పైకి. ఇంటావిడ వేలితో మెట్లు లెక్కపెట్టింది. ఏడు.

“మా అత్తగారికి మోకాళ్లు పనిచెయ్యవండీ.”

మళ్లీ లెవెల్ పైపు తెమ్మన్నాను.