పొడల గుర్రం బేరం

మనవైపు ఎద్దును కొనబోయే రైతు ముందు సుడి చూస్తాడు, పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ధర మాట ఆ తర్వాతే. అమెరికా వాయవ్యాన, ఐడహో, వాషింగ్టన్ రాష్ట్రాల సరిహద్దున ఉన్న పాలూస్ గోధుమ కొండల్లో అప్పలూసా గుర్రం కొనబోయేవాడి కన్ను మాత్రం తిన్నగా దాని పిరుదుల మీద పడుతుంది. తెల్లటి ఒళ్ళు, దాని మీద బొటనవేలు సిరాలో ముంచి అద్దినట్టు నల్లటి పొడలు. అక్కడే సగం బేరం చెడిపోతుంది. అమ్మేవాడికి గుర్రాలే కాదు, కొనేవాళ్ళ మొహాలూ బాగా తెలుసు.

పేరు పాలూస్ నది నుంచి వచ్చింది. పేరు తెచ్చింది మాత్రం అక్కడి మూలవాసులైన నెజ్ పెర్స్ ప్రజలు. తమను తాము వాళ్ళు నిమీపూ అని చెప్పుకుంటారు. 18వ శతాబ్దం తొలి సగంలో వాళ్ళ చేతికి గుర్రం వచ్చింది. 1806లో ఆ దారిన పోయిన అమెరికన్ అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ అక్కడి గుర్రాలను చూసి ముచ్చటపడ్డాడు. కొన్నిటికి పెద్ద పెద్ద తెల్ల మచ్చలున్నాయని తన దినచర్యలో రాశాడు. ఎక్కువ భాగం ఒకే రంగువని కూడా ఆ పక్కనే రాశాడు. ఈ రెండో మాట ఎవరికీ గుర్తుండదు. అదే ఏడాది మే నెలలో ఆయన ఇంకోటి చూశాడు. నెజ్ పెర్స్ వాళ్ళు మగ గుర్రాలకు విత్తులు కొట్టేటప్పుడు నరాన్ని దారంతో కట్టరు. అయినా వాపు తక్కువ, గాయం తొందరగా మానుతోంది. తమ పద్ధతికన్నా ఇదే మేలని ఒప్పుకున్నాడు. నాసిరకం మగదాన్ని మంద మీదికి పోనివ్వకపోవడమే ఆ జాతికి పునాది అని నా నమ్మకం. పొడలు కంటికింపు, అంతే.

1877లో అమెరికా సైన్యం తరిమితే నెజ్ పెర్స్ వాళ్ళు ఆడవాళ్ళు, పిల్లలతో సహా వెయ్యి మైళ్ళకు పైగా గుర్రాల మీద సాగారు. కెనడా సరిహద్దు ఇంకా 40 మైళ్ళుందనగా, అక్టోబరు 5న లొంగిపోయారు. గుర్రాలు చెల్లాచెదురయ్యాయి, అడ్డమైన రక్తమూ కలిసింది. 1938లో అప్పలూసా సంఘం పుట్టి వంశావళి పుస్తకం మొదలుపెట్టేదాకా జాతికి దిక్కులేదు. ఆ సంఘం ఇప్పుడు ఐడహోలోని మాస్కో ఊళ్ళో ఉంది. అరేబియన్, థరోబ్రెడ్, క్వార్టర్ హార్స్ సంకరాన్ని అది అనుమతిస్తుంది కాబట్టి, కాగితం అడగండి. అందులో తల్లిదండ్రులు ఎవరో చూడండి.

పక్క ఊరి పెంపకందారు దగ్గర కొంటే ఇంకా మంచిది. తల్లి అక్కడే పచ్చికలో మేస్తూ ఉంటుంది. పిల్లప్పటి రంగును నమ్మి డబ్బివ్వకూడదని ఆ తల్లిని చూస్తే తెలుస్తుంది. ఈ జాతిలో చాలావాటికి ఏళ్ళు గడిచేకొద్దీ నెరిసినట్టు తెల్లవెంట్రుకలు కమ్ముకొస్తాయి. నిలిచే గుర్తులు వేరే ఉన్నాయి. మూతి దగ్గర చర్మం మీద గులాబీ, నలుపు కలిసిన మచ్చలు. మనిషి కంట్లోలా నల్లగుడ్డు చుట్టూ కనబడే తెలుపు. గిట్టల మీద నిలువు చారలు.

అసలు కిటుకు పొడల్లోనే ఉంది. పొడలు తెచ్చే జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతే వస్తే, సాధారణంగా తెలుపు మీద ముదురు పొడలు నిలుస్తాయి. ఇద్దరి నుంచీ వస్తే పొడలు దాదాపు మాయమై, పిరుదులో ఒళ్ళంతానో వట్టి తెలుపు మిగులుతుంది. అలాంటి గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. చర్మంలో రంగుకు పనికొచ్చే జన్యువే కంటి వెనక పొరలో మసకవెలుతురు పట్టడానికీ పనికొస్తుంది. రెండు ప్రతులూ చెడితే అది పనిచేయదు. నిఖార్సైన తెలుపని మురిసి ఎక్కువ పెట్టేవాడు తెలియకుండా చీకటిని కొనుక్కుంటున్నాడు. అన్ని గుర్రాల్లోనూ ఒళ్ళు ఇంత స్పష్టంగా చెప్పదు. అనుమానముంటే జూలు నుంచి కుదుళ్ళతో సహా కొన్ని వెంట్రుకలు పీకి జన్యు పరీక్షకు పంపవచ్చు.

రేచీకటి ఉన్నా పగటి సవారీకి లోటేమీ లేదు. భయపడాల్సింది ఇంకో జబ్బుకు. కంటి లోపల మళ్ళీ మళ్ళీ వాచి చివరికి చూపు పోగొట్టే రోగం ఈ జాతికి మిగతావాటికన్నా ఎక్కువగా వస్తుంది. కన్ను నీరు కారినా, సగం మూసినా, మబ్బు కమ్మినట్టున్నా, ఒకటి రెండోదానికన్నా చిన్నగా కనబడినా పశువైద్యుణ్ణి పిలవకుండా బయానా ఇవ్వకండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నేనైతే చెప్పిన వేళకన్నా గంట ముందే వెళ్తాను. పొద్దున్నే నాలుగు చుట్లు తిప్పి అలసగొట్టిన గుర్రం ఎప్పుడూ సాధువే. దాన్ని పచ్చికలో పట్టుకోవడం దగ్గర్నుంచి చూడాలి. కాళ్ళు తడిమితే ఎక్కడైనా వేడి తగులుతోందా, గిట్ట ఎత్తమంటే ఎత్తుతోందా చూడాలి. పొద్దు వాలేదాకా అక్కడే ఉండి, పాక గుమ్మంలో మామూలుగా ఉండని ఒక కర్ర అడ్డంగా పడేసి లోపలికి నడిపించమని అడగాలి. పొడలున్నది చూసుకుని దాటుతుంది. వట్టి తెల్లదైతే ఆగి, తల దించి, ముందుకాలితో నేల తడుముతుంది. ‘కొత్త మనుషులు కదా, బెదురుతోంది’ అంటాడు అమ్మేవాడు. మధ్యాహ్నం ఎండలో మీ చేతిలో క్యారెట్ తిన్నప్పుడు మాత్రం అది బెదరలేదు.