ఒక్కరికి ఒక్కటే ఓటు

బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం ఓటింగు పెట్టారు. మీ ఐపీఎల్ టీమ్ ఏది? కింద నాలుగు పేర్లు. ఒక్కరికి ఒక్కటే ఓటు. కన్నడిగులు టిఫిన్ల వేళకే ఆర్‌సీబీకి వేసేశారు. తమిళులు సీఎస్‌కేకు వేసి పసుపు గుండెకాయలు కూడా అంటించారు. సగం ఫ్లాట్లలో ఉండేది తెలుగువాళ్ళే, ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు.

ఆ ‘ఒక్కటే’ చూసి కాలమిస్టుకు ఒళ్ళు మండింది. ఈ పేజీని వదలకుండా చదివేవాళ్ళకు ఆయన పాత గొడవలు తెలిసినవే: ఐదు నక్షత్రాలు ఇమ్మని గుమ్మంలో నిలబడే డెలివరీ కుర్రాడు, ఇంటర్వెల్ కాకముందే సినిమాకు మార్కులేసే యూట్యూబరు, అవునా కాదా ఒక్క ముక్కలో తేల్చమని గద్దించే టీవీ యాంకరు. ఇప్పుడు వాళ్ళ సరసన గ్రూప్ అడ్మిన్ కూడా చేరాడు.

ఆయన పాత పాట ఎలాగూ ఉంది. ఐపీఎల్ టీమంటే ఊరు కాదు, కంపెనీ. 2008లో విజయ్ మాల్యా బెంగళూరు టీమును కొని తన విస్కీ బ్రాండు పేరు తగిలించాడు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న సన్‌రైజర్స్‌ను కొన్నది చెన్నై సన్ టీవీ. ఉప్పల్ స్టేడియంలో తెలుగువాడు గొంతు చించుకుంటే లాభం చెన్నై ఖాతాలో జమ. ఇందులో మనది ఏది, పరాయిది ఏది?

పక్క ఫ్లాటాయనది మదనపల్లె. ఆయనకు ఈ చిక్కు ఇంకో రకంగా ఉంది. “మాకు హైదరాబాదు ఎప్పుడన్నా పోయే ఊరు సార్. ఒళ్ళు బాగలేకున్నా బెంగళూరే, పెండ్లి చీరలకైనా బెంగళూరే. ఇంగ మాది ఏ టీమో మీరే చెప్పండి.” మదనపల్లె నుంచి బెంగళూరు నూట ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. హైదరాబాద్ రాత్రంతా బస్సు. తెలుగువాడు గనుక సన్‌రైజర్స్ అనే లెక్క రాయలసీమ దాకా వచ్చేసరికి తప్పిపోతుంది.

అయినా సన్‌రైజర్స్‌కు ఓటేసి ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగడం తేలిక కాదు. ఆర్‌సీబీ పాత గాయాల్లో చాలావాటి మీద హైదరాబాద్ వేలిముద్రలున్నాయి. 2016 మే 29, ఫైనల్, అదీ బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలోనే. ఆ ఏడాది కోహ్లి 973 పరుగులు చేశాడు, ఇక కప్పు రాదనడానికి కారణమే కనిపించలేదు. అలాంటి రాత్రి షేన్ వాట్సన్ వేసిన చివరి ఓవర్లో 24 పరుగులు వచ్చాయి. బెన్ కటింగ్ కొట్టిన ఒక సిక్సరు 117 మీటర్లు వెళ్ళింది. ఛేజింగులో గేల్, కోహ్లి కలిసి వికెట్ పడకుండా 114 దాకా లాక్కొచ్చినా ఆర్‌సీబీ 8 పరుగులు తక్కువే చేసింది. 2024 ఏప్రిల్ 15న అదే మైదానంలో సన్‌రైజర్స్ 287 కొట్టింది. ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102. బెంగళూరు 262 చేసి కూడా ఓడిపోయింది. పాపం, 262!

ఇలాంటప్పుడు కాలమిస్టు సిరాజ్ పేరు తీస్తాడు. హైదరాబాద్ ఆటోడ్రైవరు కొడుకు, ఏడు సీజన్లు ఆర్‌సీబీకి బౌలింగ్ చేశాడు. ఆ తర్వాత టీము అట్టిపెట్టుకోలేదు, గుజరాత్ కొనుక్కుంది. 2025 ఏప్రిల్ 2న చిన్నస్వామికి వచ్చి 19 పరుగులకు 3 వికెట్లు తీశాడు. ఏప్రిల్ 6న ఉప్పల్‌కు వెళ్ళి, పుట్టిన ఊరి జనం ముందే 17 పరుగులకు 4. పెంచిన ఊరినీ పుట్టిన ఊరినీ ఒకే వారంలో పడగొట్టాడు. ఆడేవాడికి లేని పట్టింపు చూసేవాడికి ఎందుకు? రెండు టీములకూ చప్పట్లు కొట్టి, రెండు జెర్సీలూ అల్మరాలో పెట్టుకుని హాయిగా ఉంటే పోలేదా?

ఇక్కడిదాకా రాసి కాలమ్ ముగించవచ్చు. కానీ 2025 జూన్ అడ్డం వస్తుంది. జూన్ 3న అహ్మదాబాద్‌లో ఆర్‌సీబీ ఫైనల్లో 6 పరుగుల తేడాతో పంజాబ్‌ను ఓడించింది. చివరి ఓవర్ ఇంకా అయిపోలేదు, ఫీల్డింగులో ఉన్న కోహ్లి కళ్ళు తుడుచుకుంటున్నాడు. పద్దెనిమిదో సీజన్, వీపు మీద పద్దెనిమిదో నంబరు. ఆ రాత్రి బెంగళూరులో టపాసులు ఎప్పటికి ఆగాయో ఎవరూ చూసుకోలేదు.

మర్నాడు విజయోత్సవం వేళ చిన్నస్వామి గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. స్టేడియంలో పట్టేది 35 వేలు, వచ్చింది రెండు మూడు లక్షలని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే చెప్పారు. అభిమానుల పిచ్చి అని టీవీల్లో తిట్టినవాళ్ళున్నారు. రమ్మని పిలిచింది ఒకరు, ఏర్పాట్లు చూడాల్సింది ఇంకొకరు, ప్రాణాలు పోయింది మాత్రం జెర్సీ కొనుక్కుని వచ్చినవాళ్ళవి. ‘అదంతా కంపెనీ వ్యవహారం లెండి’ అనే తన పాత మాట ఆ తర్వాత కాలమిస్టుకు నోటికి రావడం లేదు.

రెండు జెర్సీల మనిషిని ఆయన ఇప్పుడు ఇంకో కంటితో చూస్తున్నాడు. ఆ మనిషి ఏ రాత్రీ ఓడిపోడు. 2016లో నారింజ రంగు వేసుకున్నాడు, 2025లో ఎరుపు. మధ్యలో 2017లో ఆర్‌సీబీ 49కి ఆలౌటైన రోజు ఏ రంగులో ఉన్నాడో ఎవరికీ తెలియదు. ప్రతి ఏడూ ‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అని అరిచి, మే నెలాఖరుకు ఆఫీసులో అందరి ఎకసెక్కాలూ పడ్డవాడికీ, ఈ పెద్దమనిషికీ ఒకే కప్పు దక్కడం అన్యాయం. అడ్మిన్ పెట్టిన నిబంధన న్యాయమైనదే. ఓటు ఒక్కటే ఉండాలి.

ఆయనదీ ఒకటే ఉంది. ఆ పేరు జాబితాలో లేదు: డెక్కన్ చార్జర్స్. 2008లో అట్టడుగు, మరుసటి ఏడాదే కప్పు. 2009 మే 24, ఫైనల్, జొహన్నెస్‌బర్గ్. మూడో బంతికే గిల్‌క్రిస్ట్ సున్నాకు ఔట్, తీసింది బెంగళూరు కెప్టెన్ కుంబ్లే. ఆ రోజు కుంబ్లే 16 పరుగులకు 4 వికెట్లు తీశాడు, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాచ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. హెర్షెల్ గిబ్స్ చివరిదాకా నిలబడి 53 చేస్తే డెక్కన్‌కు 143 వచ్చాయి, బెంగళూరు 137 దగ్గర ఆగింది. ఆరు పరుగులే, 2025లో లాగే. అప్పటి డెక్కన్‌లో రోహిత్ శర్మ కూడా ఉన్నాడని ముంబైవాళ్ళకు గుర్తుచేయాల్సి వస్తుంది.

2012 సెప్టెంబరులో బీసీసీఐ ఆ టీమును రద్దు చేసింది. వివాదం ఆర్బిట్రేషన్‌కు వెళ్ళింది. 2020లో డెక్కన్ యాజమాన్యానికి సుమారు 4,800 కోట్లు చెల్లించాలని బోర్డుకు ఆదేశం వచ్చింది. 2021లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. టీమే లేకుండా పోయాక కూడా ఓడిపోయిన టీము ఇంకోటి ఉంటే చూపించమనండి, కాలమిస్టు తన ఓటు దానికి మార్చుకుంటాడు.