ఒక మాట, రెండు అర్థాలు: అస్తిత్వవాదంలో స్త్రీ ఎక్కడ?

తెలుగులో 'అస్తిత్వవాదం' అనే మాటకి రెండు అర్థాలు స్థిరపడ్డాయి. నవీన్ 'అంపశయ్య' (1969) గురించి మాట్లాడుతూ ఆ మాట అంటే సార్త్ర్, కామూల తాత్వికత. అదే మాట స్త్రీవాద, దళిత, ముస్లిం సాహిత్యాల గురించి అంటే, ఒక సమూహం తన ఉనికి కోసం ఎత్తిన గొంతు. మొదటి అర్థంలో మనిషి ఏకాకి. తనని తానే నిర్మించుకోవాలి, ఆ భారం ఇంకెవరి మీదా వెయ్యలేడు. రెండో అర్థంలో మనిషి ఎప్పుడూ ఒంటరి కాదు. కులం, జెండర్, మతం తనకంటే ముందే వచ్చి తన కోసం కాచుకుని ఉంటాయి. పరీక్ష పేపర్లలో ఈ రెండింటినీ కలిపేసి రాసిన విద్యార్థులకి నేను ఏళ్ల తరబడి మార్కులు తగ్గించాను. తప్పు వాళ్లదేనా అనే సందేహం ఈమధ్యే మొదలైంది.

సార్త్ర్ 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' 1943లో వచ్చింది. అందులో ఆత్మవంచనకి అతను ఇచ్చిన ఉదాహరణ చాలా ప్రసిద్ధం. ఒక స్త్రీ ఒక మగవాడితో మొదటిసారి బయటికి వస్తుంది. అతని ఉద్దేశం ఆమెకి తెలుసు. అతను ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోదు, అలాగని అంగీకారమూ తెలపదు. ఆ చెయ్యి తనది కానట్టు, ఒక వస్తువైనట్టు వదిలేసి ఏవో ఉన్నతమైన విషయాలు మాట్లాడుతూ ఉంటుంది. నిర్ణయాన్ని వాయిదా వేస్తూ తన స్వేచ్ఛ నుంచి తానే తప్పించుకుంటోందని సార్త్ర్ తీర్పు.

మొదటిసారి చదివినప్పుడు ఎంత సూక్ష్మ పరిశీలన అని మురిసిపోయాను. తర్వాత ఇంకో సంగతి తెలిసింది. అదే 1943లో, జులై 30న, గర్భస్రావాలు చేసిందన్న నేరానికి మరీ లూయీజ్ జిరో అనే చాకలి పని చేసుకునే స్త్రీని పారిస్‌లో గిలటిన్ మీద చంపారు. గర్భనిరోధక సాధనాల మీద 1920 నుంచీ నిషేధం ఉంది. ఓటు హక్కు ఇంకా రాలేదు, అది 1944లో వచ్చింది. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరిలో 'సరే' అనే మాటకి వెల కట్టాల్సింది ఒక్కరే. చెయ్యి లాగేసుకుంటే పొగరు, ఉంచేస్తే అంగీకారం. ఆమె ఆత్మవంచన చేసుకుంటోందా, లేక కాస్త వ్యవధి సంపాదించుకుంటోందా? సార్త్ర్‌కి ఈ ప్రశ్న తట్టలేదు.

తట్టింది సిమోన్ ద బోవాకి. స్వేచ్ఛ విషయంలో సార్త్ర్‌తో 1940లో జరిగిన వాదనని ఆమె తన ఆత్మకథలో రాసుకుంది. పరిస్థితులన్నీ సమానం కావు, అంతఃపురంలో బందీ అయిన స్త్రీ తన పరిస్థితిని ఎలా దాటగలదు అని ఆమె అడిగింది. ఆ బతుకునీ రకరకాలుగా జీవించవచ్చని అతని జవాబు. ఆమెకి అది రుచించలేదు. బోవా ఉదాహరణ కోసం 'తూర్పు' అంతఃపురం దాకా పోవడం మీద మనకి అభ్యంతరం ఉండాలి. భర్త అడ్డుచెప్పే వీలు లేకుండా ఉద్యోగం చేసే హక్కు, సొంత పేర బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రాన్స్‌లో పెళ్లయిన స్త్రీలకి 1965 చట్టంతో గాని రాలేదు. అయినా ఆమె ప్రశ్న సరైనది. సార్త్ర్ కూడా 1969 నాటి ఒక ఇంటర్వ్యూలో, ఒకప్పుడు తాను స్వేచ్ఛ గురించి అన్న మాటలు చూస్తే తనకే నమ్మశక్యంగా లేదని ఒప్పుకున్నాడు.

ఆ ప్రశ్న నుంచే 1947లో 'ఎథిక్స్ ఆఫ్ ఆంబిగ్విటీ', 1949లో 'సెకండ్ సెక్స్' వచ్చాయి. కాని మనలో చాలామందిమి 'సెకండ్ సెక్స్'ని 1953 నాటి పార్ష్‌లీ ఇంగ్లీషు అనువాదంలో చదివాం. అతను జంతుశాస్త్రవేత్త. చాలా భాగాలు కత్తిరించాడు, తాత్విక పరిభాషని మామూలు మాటల్లో కలిపేశాడు. పూర్తి అనువాదం 2009 దాకా రాలేదు. అందుకే సార్త్ర్‌ని తత్వశాస్త్రం అరలోనూ బోవాని స్త్రీవాదం అరలోనూ పెట్టుకున్నాం. మన 'అస్తిత్వవాదం' రెండు ముక్కలైనట్టే.

ఈ విభజన మన నవలా విమర్శలోనూ ఉంది. 'అసమర్థుని జీవయాత్ర', 'చివరకు మిగిలేది', 'అంపశయ్య' నవలల్లో వ్యక్తి వేదన గురించి ఎన్నో వ్యాసాలొచ్చాయి. సీతారామారావు జీవితానికి అర్థమేమిటని కొట్టుకుపోతున్నప్పుడు ఆ ఇంటిని ఈదాల్సిన ఇందిర గురించి ఎన్ని వచ్చాయి? దయానిధి అన్వేషణలో అమృతం, కోమలి మజిలీలవుతారు. వాళ్లకీ ఒక అన్వేషణ ఉండొచ్చని మనం అడగలేదు. ఓల్గా 'స్వేచ్ఛ' (1987) వచ్చాక మాత్రం దాన్ని స్త్రీల సమస్యల నవల అన్నాం. ప్రేమించి చేసుకున్న పెళ్లిలోనే తన స్వేచ్ఛ ఏమైందని వెతుక్కునే అరుణది అస్తిత్వ వేదన అనడానికి ఎందుకో నోరు రాలేదు.

ఇందులో నా వంతు నేరమూ ఉంది. చాలా ఏళ్ల కిందట నా స్నేహితురాలు ఒక రాత్రి పిల్లని చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. మూడో రోజు వెనక్కి వెళ్లిపోతానంది. నేను అప్పుడే సార్త్ర్ పాఠం చెప్పి వస్తున్నాను. "వెళ్లడం నీ ఎంపిక. గత్యంతరం లేదని నిన్ను నువ్వు మోసం చేసుకోకు" అన్నాను. ఆమె బ్యాగు సర్దుకుంటూ, "ఎంపికేనే. నీ జీతంలాంటిది నాకూ ఉంటే రెండో ఎంపిక కూడా ఉండేది" అంది. నా దగ్గర జవాబు లేదు.

అలాగని బోవా స్త్రీలని పూర్తిగా వదిలిపెట్టదు. విముక్తికి దారి ఉందనే తెలియనప్పుడు లొంగిపోవడం తప్పు కాదు, దారి కనపడ్డాక కూడా నడవకపోతే అది మన స్వేచ్ఛని మనమే వదులుకోవడం అంటుంది. ఇది కఠినమైన మాటే. కాని దీనితోపాటు ఆమె ఇంకో మాట కూడా అంటుంది: ఇతరులు స్వేచ్ఛగా లేనిదే నా స్వేచ్ఛకి అర్థం లేదు. ఎవరికైనా 'నీ ఎంపిక' అని చెప్పే ముందు ఆ రెండో దారి తెరవడంలో నా పాత్ర ఎంత అని అడుక్కోమంటుంది. నేను ఉపన్యాసం ఇచ్చానే గాని, ఇంకో నెల ఉండమని అనలేదు.

ఆమె ఆరేళ్ల తర్వాత, బి.ఎడ్. పూర్తి చేసి ఒక స్కూల్లో ఉద్యోగం దొరికాక బయటికి వచ్చింది. మొదటిసారి వెనక్కి వెళ్లిన మనిషీ, రెండోసారి వెళ్లని మనిషీ ఒక్కరే. ధైర్యం ఆమెకి మొదటినుంచీ ఉంది. మారింది ఆమె చుట్టూ ఉన్న పరిస్థితి, అదీ చాలామటుకు ఆమె చేతులతోనే.

ఈసారి ఏ విద్యార్థి అయినా ఆ రెండు అర్థాలనీ కలిపి రాస్తే మార్కులు తగ్గించను. ఎలా కలిపావో చెప్పమని అడుగుతాను.