భయం కథ చెప్పే కుర్చీ

దయ్యం సినిమాలంటే నాకు ప్రాణం. చిన్నతనం నుంచి ఇప్పటిదాకా ఆ ఇష్టం తగ్గలేదు. మన రచయితల సభల్లో ఈ మాట అంటే కొందరు నవ్వుతారు, కొందరు ముఖం చిట్లిస్తారు. పోడు భూముల మీద, చచ్చిపోతున్న మన భాషల మీద రాయాల్సినవాళ్ళకి దయ్యాల గొడవ ఎందుకని అడుగుతారు. నా జవాబు ఒకటే. ఆ సినిమాల్లో, ఆ పుస్తకాల్లో మనం మొదటి నుంచీ ఉన్నాం. కాకపోతే దయ్యం వైపు ఉన్నాం. వాటిని ఇష్టంగా చూసినవాళ్ళే ఈ సంగతి నిలబెట్టి అడగగలరు.

ముందు ఇష్టం సంగతి చెప్తాను. మన గూడేల్లో నెగడు చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథ చెప్పే అవ్వను గుర్తు చేసుకోండి. పిల్లలు మరీ బెదిరారని తెలియగానే ఆమె కథ ఆపుతుంది. ఒక ఎకసెక్కెం ఆడుతుంది, కొరివి ఎగదోస్తుంది, మళ్ళీ అందుకుంటుంది. ఎంత భయం పొయ్యాలో ఆమెకు కొలత తెలుసు. భయం కథలో నాకు నచ్చేది ఈ కొలతే. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో సినిమా హాలు ఒక్కసారిగా ఖాళీ అయిపోయే సీను ఉంది. రక్తం లేదు, కోరలు లేవు, ఖాళీ కుర్చీలే. రేవతి కళ్ళు చాలు.

అమెరికా టీవీలో ఈ అవ్వ పనికి మనుషుల్ని పెట్టుకున్నారు. 1954లో లాస్ ఏంజెలెస్‌లో మైలా నుర్మి అనే నటి ‘వాంపైరా’ వేషం కట్టింది. నల్ల గౌనులో, పొగ కమ్మిన వసారాలో నడిచి వచ్చి, కెవ్వున అరిచి, తర్వాత హాయిగా నవ్వి ఆ రాత్రి వేసే సినిమా పరిచయం చేసేది. 1957లో యూనివర్సల్ వారి పాత సినిమాలు 52 ‘షాక్’ అనే పేరుతో ఒక కట్టగా టీవీ స్టేషన్లకు అమ్మారు. 1931 నాటి ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ అందులోవే. వాటిని చూపించడానికి ఊరికో వేషగాడు పుట్టుకొచ్చాడు. ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ కాలీఫ్లవర్ పువ్వును మెదడని చూపించి ఆపరేషన్ చేసేవాడు. సినిమా నడుస్తుండగానే మధ్యలో తన ముఖం చొప్పించేవాడు. 1981 నుంచి ఎల్విరా వేషంలో కసాండ్రా పీటర్సన్ చెత్త సినిమాలను ఆటపట్టిస్తూ చూపించింది. చికాగో స్వెంగూలీ పెట్టెలోంచి లేచి పాడు జోకు వేస్తే అతని మీదికి రబ్బరు కోళ్ళు విసిరేవారు.

పైకి ఇదంతా కోణంగితనం. అయితే వాళ్ళు చేసిన పని పెద్దది. ఇది ఆట, మనం కలిసి ఆడుకుంటున్నాం, తెల్లారితే ఎవరి ఇంటికి వాళ్ళు క్షేమంగా పోతారు అని చూసేవాళ్ళకి హామీ ఇచ్చారు. ఆ హామీ ఉంది గనకే అక్కడి పిల్లలు భయాన్ని ప్రేమించారు.

కానీ ఆ హామీ అందరికీ అందలేదు. వాళ్ళు ఆటగా చూపించిన సినిమాల్లో నిజం మనుషులను దయ్యాలుగా మార్చినవి ఉన్నాయి.

‘వైట్ జాంబీ’ (1932) చూడండి. కథ హైతీ దీవిలో జరుగుతుంది. అప్పటికి ఆ దేశం అమెరికా సైన్యం చేతిలో ఉంది. 1915లో వచ్చిన సైన్యం 1934దాకా కదల్లేదు. తొలి ఏళ్ళలో రోడ్లు వెయ్యడానికి జనంతో వెట్టి చేయించారు. చచ్చాక కూడా లేపి తోటలో పని చేయిస్తారేమోనన్న భయం హైతీ జనానికి బానిసత్వం మిగిల్చిన జ్ఞాపకం. సినిమా తీసినవాళ్ళు ఆ భయాన్ని ఎత్తుకుపోయారు. చక్కెర మిల్లులో మాటా పలుకూ లేకుండా గానుగ తిప్పే శవాల సీను ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిపిస్తుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కానీ మన కన్నీళ్ళు అడిగేది ఆ కూలీల కోసం కాదు, కొత్తగా పెళ్ళయిన తెల్ల పిల్ల కోసం. వెట్టి చేసినవాడి భయం, వెట్టి చేయించినవాడికి వినోదం అయింది.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గర. అమెరికా దయ్యం కథల్లో అరిగిపోయిన కిటుకు ఒకటుంది. ఇంట్లో దయ్యం ఎందుకుంది? ఆ ఇల్లు ఇండియన్ల శ్మశానం మీద కట్టారు గనక! ఇండియన్లంటే అక్కడి ఆదివాసులు. జే ఆన్సన్ రాసిన ‘ఎమిటీవిల్ హారర్’ (1977)లో ఈ తరహా మాట ఉంది. స్టీఫెన్ కింగ్ ‘ది షైనింగ్’ నవలలో లేని ఆ శ్మశానాన్ని కుబ్రిక్ 1980 సినిమాలో హోటల్ మేనేజరు నోట ఒక్క ముక్కలో పలికించాడు. మూడేళ్ళకు కింగ్ తానే ‘పెట్ సెమటరీ’లో మిక్‌మాక్ తెగవారి శ్మశానం పెట్టి చచ్చినవాళ్ళను లేపాడు. మూడూ నాకు ఇష్టమైనవే. ఆ శ్మశానంలో పడుకున్నవాళ్ళు ఎలా చచ్చారు, ఆ నేల ఎవరు లాక్కున్నారు అన్న ప్రశ్న మాత్రం ఈ కథలకు ముఖ్యం కాలేదు. భూమి పోయినవాడే చివరికి భయపెట్టేవాడుగా మిగిలాడు.

ఇందుకు అక్కడి ఆదివాసీ రచయితలు ఏం చేశారన్నది మనం నేర్చుకోవాల్సిన పాఠం. వాళ్ళు హారర్‌ని తిట్టి వదిలెయ్యలేదు. కథ చెప్పే కుర్చీలో వాళ్ళే కూర్చున్నారు. బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ 2020లో ‘ది ఓన్లీ గుడ్ ఇండియన్స్’ నవల తెచ్చాడు. చచ్చిన ఇండియనే మంచి ఇండియన్ అనే పాత తిట్టులో సగం ముక్కను పేరుగా పెట్టుకున్నాడు. పెద్దలకు వదిలెయ్యాల్సిన వేట నేలలో నలుగురు కుర్రాళ్ళు ఎల్క్ దుప్పుల మందను కాల్చేస్తారు. అందులో ఒకటి చూలుది. పదేళ్ళకు అది ఆడమనిషి రూపంలో వెతుక్కుంటూ వస్తుంది. ఇక్కడ దయ్యానికి న్యాయం ఉంది. భయపడేవాళ్ళూ ఆదివాసులే, తప్పు చేసినవాళ్ళూ వాళ్ళే, తెంచాల్సిందీ వాళ్ళ ఆడపిల్లే. ఆదివాసి అంటే మంత్రగాడో, అమాయకుడో కానక్కర్లేదు, బాస్కెట్‌బాల్ ఆడే పిల్ల కూడా కావచ్చు. ఆ మరుసటేడు వచ్చిన ‘మై హార్ట్ ఈజ్ ఎ చైన్‌సా’లో కథానాయిక జేడ్ సగం ఇండియన్ పిల్ల, నరుకుడు సినిమాల పిచ్చిది. మనలాంటి అభిమానిని కథకు నడుమ నిలబెట్టిన ఆ పుస్తకం చదివి నాకు కడుపు నిండింది.

మిక్‌మాక్ దర్శకుడు జెఫ్ బార్నబీ ‘బ్లడ్ క్వాంటమ్’ (2019)లో ఇంకో దెబ్బ కొట్టాడు. లోకమంతా మనుషుల్ని తినే శవాలవుతుంటే ఆదివాసులకు మాత్రం ఆ రోగం అంటదు. తెల్లవాళ్ళు ప్రాణభయంతో రిజర్వేషన్ గేటు దగ్గరికి వస్తారు. రానివ్వాలా వద్దా అని ఇంటివాళ్ళే కొట్టుకుంటారు. ఒంట్లో ఎంత ఆదివాసీ రక్తం ఉందో లెక్కగట్టే ప్రభుత్వ పద్ధతి పేరే ఆ సినిమా పేరు. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఆ పేరు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక మన ఇంటికొద్దాం. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చిన యండమూరి ‘తులసిదళం’ను ఎగబడి చదివిన తరం మనది. పక్క పేజీ తిప్పకుండా ఉండలేని ఆ వేగం తెలుగులో అరుదు. అది కాదనను. అందులో వైద్యాన్నీ మంత్రాన్నీ పక్కపక్కన నడిపి, ఏది గెలిచిందో తేల్చకుండా వదిలిన ఒడుపు ఉంది. రంగనాయకమ్మ ఆ పుస్తకాన్ని గంజాయి దమ్ము అన్నది అందుకే. నా అభ్యంతరం ఇంకోటి కూడా. చేతబడి చేసే కాద్రా నగరం మనిషి కాదు. డబ్బున్న ఇంటి కుట్ర నగరంలో పుట్టినా, దాన్ని జరిపించే చెయ్యి మాత్రం అడవి వైపు నుంచే రావాలి!

‘విరూపాక్ష’ (2023) ఇంకా దగ్గరి గాయం ముట్టింది. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్ళే తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. పన్నెండేళ్ళకు ఆ ఊళ్ళో వరసగా చావులు. సినిమాగా బిగి ఉంది, చివరిదాకా కదలనివ్వదు. కానీ క్షుద్రవిద్య నిజమేనని కథ తేల్చాక, ఆ తగలబెట్టిన చేతులకు ఎంతో కొంత సాకు దొరికిపోయింది.

ఈ సాకు మన దగ్గర ఖరీదైనది. ఏజెన్సీలో చిల్లంగి పేరుతో, తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో మనుషుల్ని చంపిన వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. అనుమానం ఎక్కువగా ఎవరి మీద పడుతుంది? ఒంటరి ముసలామె మీద, తగువున్న పొలం గలవాడి మీద, నాలుగు వేర్లు తెలిసిన మనిషి మీద. జ్వరానికి డాక్టరు దొరకని చోట చావుకి కారణం మనిషి రూపంలో దొరుకుతుంది. సినిమా వల్లే చంపుతున్నారని నేను అనను. సినిమా లేనప్పుడూ చంపారు. కానీ ఆ అనుమానానికి రంగూ, సంగీతమూ అద్ది, ఇది ఆట అని చెప్పే వేషగాడు లేకుండా వదిలితే అది ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో మనకు తెలుసు.

అందుకని దయ్యం సినిమాలు మానమని మన పిల్లలకు చెప్పొద్దు. చూసేటప్పుడు రెండు మాటలు అడగడం నేర్పుదాం. ఇందులో భయపడుతున్నది ఎవరు? ఎవర్ని చూసి భయపడమంటున్నారు? ఈ రెండూ అడుగుతూ చూస్తే మంచి సినిమా రుచి పెరుగుతుందే గాని తగ్గదు.

ఆ తర్వాత మనమే రాద్దాం. శ్మశానం మీద కట్టిన ఇల్లు అమెరికా వాళ్ళకు కిటుకు కావచ్చు. మనకు పోలవరం ముంపు ఉంది. చచ్చిన పెద్దల పేరున కోయలు నిలిపిన రాళ్ళున్న నేలలు నీళ్ళ కిందికి పోతున్నాయి. ఆ రాళ్ళ దగ్గర మొక్కాల్సినవాళ్ళు ఎక్కడో కాలనీలో ఒకే కొలత ఇళ్ళలో ఉన్నారు. పొద్దు వాలాక ఆ నీళ్ళ మీద పడవలో పోయేవాడికి కింది నుంచి డోలు వినిపిస్తే అతనేం చెయ్యాలి? ఆ కథ ఇంకా ఎవరూ నాకు చెప్పలేదు. వినడానికి నెగడు దగ్గర చోటు చూసుకుని కూర్చున్నాను, మీలో ఎవరు మొదలుపెడతారు?